లినక్స్ డివైస్ లింక్స్ సమీక్ష: వరుస తప్పదు, కానీ సప్లయర్ డ్రైవర్ తప్పు చేస్తే నోరు మెదపదు

లినక్స్‌లో పరికరాలు నిద్రపోయే, లేచే వరుస మొదట్నుంచీ పేరెంట్-చైల్డ్ చెట్టు మీదే నడిచింది. ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్సు) మీదున్న చిప్ పడుకున్నాకే దాని కంట్రోలర్ పడుకుంటుంది. లేచేటప్పుడు కంట్రోలర్ ముందు. గొలుసుకట్టు చెరువుల లెక్క, పైచెరువు మత్తడి దుంకితేనే కిందిదానికి నీళ్లు. అదే ఆయకట్టుకు పక్కన బావి మోటారు నీళ్లు కూడా కావాలంటే ఆ సంగతి గొలుసుకు తెలియదు. సెన్సర్ ఒక బస్సు మీద ఉండి, దానికి కరెంటు ఇచ్చే రెగ్యులేటర్‌ను ఇంకో బస్సు మీదున్న జీపీఐఓ ఎక్స్‌పాండర్ (ఆన్-ఆఫ్ పిన్నులు పెంచే చిప్) ఆన్ చేస్తుంటే చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. దీనికోసమే 2017 ఫిబ్రవరిలో వచ్చిన 4.10 కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయ) డివైస్ లింక్స్ చేర్చారు, అంటే చెట్టుకు బయట ఒక పరికరం ఇంకోదాని మీద ఆధారపడిందని చెప్పే లింకులు. వరంగల్ నిట్‌లో, కిట్స్‌లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు డ్రైవర్ రాసేవాళ్లకైనా, మడికొండ ఐటీ పార్కులో ఎంబెడెడ్ పని చేసేవాళ్లకైనా ఇది తెలిసి ఉండాల్సిన సరుకే.

వాడకం చిన్నదే. డివైస్_లింక్_యాడ్‌కు మూడు ఇవ్వాలి: కన్స్యూమర్ (ఆధారపడే పరికరం), సప్లయర్ (ఆధారమిచ్చే పరికరం), ఫ్లాగులు. లింక్ పడగానే కెర్నల్ తన పవర్ జాబితాలో కన్స్యూమర్‌ను, దాని కింద ఉన్నవాటిని సప్లయర్ తర్వాతికి జరుపుతుంది. సస్పెండ్ ఎసింక్‌గా (పరికరాలన్నీ ఒకేసారి పక్కపక్కన) నడిచినా ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. సప్లయర్ డ్రైవర్‌ను తీసేస్తే ముందు కన్స్యూమర్ డ్రైవర్ ఊడుతుంది. ఈ భాగంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

వంకలన్నీ రన్‌టైమ్ పవర్ దగ్గర, అంటే సిస్టమ్ నడుస్తుండగానే ఖాళీగా ఉన్న పరికరాన్ని పడుకోబెట్టే చోట. పీఎం_రన్‌టైమ్ ఫ్లాగ్ ఇవ్వకపోతే లింక్ వరుసను మాత్రమే కాపాడుతుంది. కన్స్యూమర్ పనిలో ఉండగానే సప్లయర్ హాయిగా పడుకోవచ్చు. ఫ్లాగ్ ఇచ్చినా, ప్రోబ్ (డ్రైవర్ పరికరాన్ని పట్టుకుని సిద్ధం చేసే దశ) మధ్యలో లింక్ వేస్తే ఆ క్షణాన సప్లయర్ లేచి ఉండాలి కాబట్టి ఆర్‌పీఎం_యాక్టివ్ కూడా జోడించాలి. అసలు గోతి ఇంకొకటి. సప్లయర్ డ్రైవర్ పీఎం_రన్‌టైమ్_ఎనేబుల్ పిలవడం మరిచిపోతే దాన్ని లేపబోయినప్పుడు మైనస్ 13 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది, కెర్నల్ దాన్ని కావాలనే పట్టించుకోదు. కన్స్యూమర్ అంతా బాగుందనుకుని రిజిస్టర్ చదువుతుంది. ఒకే చిప్‌లోని బ్లాకుకు క్లాక్ ఆగి ఉంటే బస్సు బిగుసుకుపోతుంది, లేదా ఎక్స్‌టర్నల్ అబార్ట్ (చదవడం కుదరలేదనే హార్డ్‌వేర్ ఎర్రర్) వస్తుంది. లాగ్‌లో తప్పు మాత్రం కన్స్యూమర్‌దే అన్నట్టు కనిపిస్తుంది. లాగ్‌లో ఒక్క హెచ్చరిక పడినా ఎంతో మేలు.

రెండో గొడవ నల్, అంటే ఖాళీ జవాబు. సప్లయర్ ఇంకా రిజిస్టర్ కాకపోయినా, లింకులు వలయంగా తిరిగినా డివైస్_లింక్_యాడ్ నల్ ఇస్తుంది. దాన్ని చూడకుండా ముందుకెళ్తే లింక్ లేనట్టే. కన్స్యూమర్ ప్రోబ్ మధ్యలో లింక్ వేసేటప్పుడు, సప్లయర్ రిజిస్టరై దాని డ్రైవర్ ఇంకా ప్రోబ్ కాకపోతే లింక్ పడుతుంది కానీ ఆ ప్రోబ్ ఆగదు. సప్లయర్ సిద్ధంగా ఉందో లేదో చూసి, లేకపోతే మైనస్ ఈప్రోబ్_డిఫర్ (తర్వాత మళ్లీ ప్రోబ్ చేయమనే కోడ్) తిప్పి పంపే బాధ్యత కన్స్యూమర్ రాసినవాళ్లదే.

నిజానికి డివైస్ ట్రీ (బోర్డు మీదున్న పరికరాల వివరాల ఫైల్) సరిగ్గా ఉంటే ఈ కోడ్ చాలామటుకు అక్కర్లేదు. సప్లైలు, క్లాకులు, జీపీఐఓల ప్రాపర్టీలు చదివి కెర్నల్‌లోని ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్ తానే లింకులు వేస్తుంది, 5.13 నుంచి అది డిఫాల్ట్‌గానే పనిచేస్తుంది. పై ఉదాహరణలో సెన్సర్ నోడ్‌లో సప్లై ప్రాపర్టీ, రెగ్యులేటర్ నోడ్‌లో జీపీఐఓ ప్రాపర్టీ రాస్తే చాలు. అయితే దాని బూట్ పారామీటర్‌లో ఆన్ వేరు, ఆర్‌పీఎం వేరు. ఆన్ అంటే రన్‌టైమ్ ఫ్లాగ్ లేని లింకులే. ఏది పడిందో ఊహించడం ఎందుకు, సిస్ కింద క్లాస్‌లో డెవ్‌లింక్ ఫోల్డర్ తెరిచి మీ లింక్‌లోని రన్‌టైమ్_పీఎం ఫైల్ చూడండి, 1 ఉండాలి. పక్కనే స్టేటస్ ఫైల్‌లో యాక్టివ్ అని రావాలి. డార్మెంట్ అని ఉంటే రెండు వైపులా డ్రైవర్లు ఎక్కలేదని. ప్రోబే కాని పరికరం ఎందుకు ఆగిందో డీబగ్‌ఎఫ్ఎస్ (డీబగ్ కోసం కెర్నల్ చూపే ఫోల్డర్) లోని డివైసెస్_డిఫర్డ్‌లో దొరుకుతుంది.

పరీక్షకు రాస్ప్‌బెర్రీ పై 4 పనికిరాదు, దానికి సస్పెండ్-టు-ర్యామ్ (మెమరీ తప్ప మిగతావి పడుకోవడం) లేదు. బీగల్‌బోన్ బ్లాక్ మేలు. దాన్ని పూర్తిగా పడుకోబెట్టాలంటే ఏఎం335ఎక్స్ పీఎం ఫర్మ్‌వేర్ ఫైల్ లిబ్ ఫర్మ్‌వేర్‌లో ఉండాలి, కానీ వరుస చూడటానికి అంతదూరం పోనక్కర్లేదు. కెర్నల్‌ను పీఎం_డీబగ్‌తో బిల్డ్ చేసి, సిస్ కింద పవర్ ఫోల్డర్‌లోని పీఎం_ప్రింట్_టైమ్స్‌కు 1 రాసి, పీఎం_టెస్ట్‌కు డివైసెస్ అని, స్టేట్‌కు ఫ్రీజ్ అని రాయండి. పరికరాలన్నీ పడుకుని 5 సెకన్లకు లేస్తాయి, ఏది ఏ వరుసలో పోయిందో లాగ్‌లో పడుతుంది. ఫెయిలైతే పీఎం_ఎసింక్‌కు 0 రాసి మళ్లీ నడపండి. అప్పుడు పాసైతే ఎక్కడో ఒక లింక్ తక్కువైంది.

సీరియల్ లాగ్ తప్పనిసరి: బీగల్‌బోన్ మీది జే1 పిన్నులకు 3.3 వోల్టుల యూఎస్‌బీ కేబుల్, వేగం 115200, బూట్ పారామీటర్‌లో నో_కన్సోల్_సస్పెండ్. మన దగ్గర దీనికి ఇంకో అవసరం ఉంది. ఎండాకాలం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో బోర్డు రీసెట్ అయితే రెజ్యూమ్ ఫెయిలైనట్టే ఉంటుంది. లాగ్‌లో యూ-బూట్ (బోర్డును బూట్ చేసే ప్రోగ్రామ్) బ్యానర్ కనబడితే, ముందు అడాప్టర్‌ను, ఇన్వర్టర్‌ను అనుమానించండి.

మార్కులు ఐదుకు నాలుగు, 5.9, ఆ తర్వాతి కెర్నళ్లకు మాత్రమే. డెవ్‌లింక్ ఫోల్డర్ 5.9లోనే మొదలైంది. బోర్డు కంపెనీ ఇచ్చిన పాత 4.19 మీద ఆగిపోయినవాళ్లకు లింకులు పనిచేస్తాయి కానీ కంటికి కనబడవు. రెండు డ్రైవర్ల రెజ్యూమ్ ఫంక్షన్లలో డెవ్_ఇన్ఫో వరుసలు పెట్టి చూసుకోవాల్సిందే.