జాగ్రత్త: కార్బైడ్ రంపం బ్లేడ్లు సానకు ఇచ్చే ముందు ఇది చదవండి

సర్క్యులర్ సా బ్లేడ్లను బయట సాన పట్టించుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సాన పట్టించి, విరిగిన పళ్ల చోట కొత్తవి వేయించి తెచ్చిన బ్లేడు నుంచి, మెషీన్ తిరుగుతుండగానే ఒక టిప్పు (పన్నుగా అతికించిన కార్బైడ్ ముక్క) ఊడి ఎగిరి గార్డుకు కొట్టుకుంది. గార్డు ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గార్డు తీసేసి పని చేసే వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. అందుకే భయంతో, కోపంతో ఇది రాస్తున్నాను.

అది లామినేట్ బోర్డులు కోసే 300 మిల్లీమీటర్ల, 96 పళ్ల బ్లేడు. రెండు పళ్లు విరిగాయి, మిగతావి మొద్దుబారాయి. కార్బైడ్ బ్లేడ్లు ఏవైనా చేస్తామని, కొత్తదానిలా తిరిగిస్తామని షాపువాళ్లు గట్టిగా చెప్పారు. తిరిగి వచ్చినప్పుడు చూడటానికి నిజంగానే బాగుంది. పళ్లు తళతళలాడుతున్నాయి, గోటికి ఆనిస్తే పట్టుకుంటోంది. మెషీన్‌కి బిగించి కోశాక సంగతి తెలిసింది. మొదటి బోర్డుకే లామినేట్ అంచు పెచ్చులుగా లేచింది, కోసిన వైపు వరసగా గీతలు పడ్డాయి, చప్పుడులో ఏదో తేడా. స్విచ్ కట్టేసేలోపే టిప్పు ఎగిరిపోయింది.

తర్వాత బ్లేడు విప్పి భూతద్దం, వెర్నియర్ (మందం, వెడల్పు కొలిచే సాధనం) పెట్టి ఒక్కో పన్నూ చూశాను. అసలు తప్పులన్నీ అక్కడ దొరికాయి.

ఈ పళ్లు స్టీలువి కావు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో నొక్కి, విపరీతమైన వేడిలో గట్టిపరచిన చిన్న ముక్కలు. వాటిని సిల్వర్ సోల్డర్‌తో స్టీలు ప్లేటుకు అతికిస్తారు. మామూలు గ్రైండింగ్ రాయి ఇంత గట్టి పదార్థాన్ని సరిగ్గా కోయలేదు, రుద్దీ రుద్దీ వేడెక్కిస్తుంది. దీనికి డైమండ్ వీలే వాడాలి, గ్రైండ్ చేస్తున్నంతసేపూ కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, పారుతూ ఉండాలి. వేడెక్కిన కార్బైడ్‌లో కంటికి కనిపించని సన్న పగుళ్లు పడతాయి. ఆ పదును గోటి మీద నిలుస్తుంది, బోర్డు మీద నిలవదు. స్టీలు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలం తిరుగుతుంది. కొత్త టిప్పు అతికించిన చోట స్టీలు కాస్త రంగు మారితే ఆశ్చర్యం లేదు. నా బ్లేడులో అసలు ముట్టుకోవాల్సిన పనిలేని పళ్ల వెనక కూడా నీలం మచ్చలున్నాయి. అది గ్రైండింగ్ వేడి తప్ప ఇంకేమీ కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పళ్ల ఆకారం. లామినేట్ బ్లేడులో పళ్లన్నీ ఒక్కలా ఉండవు. ఒక పన్నుకి పైన రెండు మూలలూ ఏటవాలుగా కోసి ఉంటాయి, అది రవ్వంత ఎత్తుగా ఉండి ముందు మధ్యలో గాడి చేస్తుంది. దాని పక్కనున్న పన్ను చదునుగా, కాస్త పొట్టిగా ఉండి మూలలు శుభ్రం చేస్తుంది. ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, లామినేట్ అంచు నిలిచేది మాత్రం దాని వల్లే. వీళ్లు 96 పళ్లనూ ఒకే ఎత్తుకు, ఒకే చదునుకు తెచ్చేశారు. ఏ బ్లేడు ఇచ్చారో చూడనే లేదన్నమాట. పోయిన ఆకారం తిరిగి తేవాలంటే మళ్లీ బోలెడంత కార్బైడ్ అరగదీయాలి, అంత మందం మిగల్లేదు. టిప్పు మందం 1 మిల్లీమీటరుకు తగ్గితే ఆ బ్లేడు వాడొద్దని తయారీదారులు సాధారణంగా చెబుతారు. వీళ్లు ముందు ముఖాన్నే అదేపనిగా అరగదీసి చాలా పళ్లను ఆ హద్దుకు తెచ్చారు.

ఇక కొత్తగా వేసిన పళ్లు. ప్లేటు మందం 2.2, పన్ను వెడల్పు 3.2 మిల్లీమీటర్లు. అంటే పన్ను రెండు పక్కలా అర మిల్లీమీటరు చొప్పున బయటికి ఉండాలి. కొత్త టిప్పు అతికించాక పైన, ముందు మాత్రమే కాదు, పక్కలు కూడా మిగతా పళ్లతో సమానంగా గ్రైండ్ చేయాలి. వీళ్లు పక్కల జోలికే వెళ్లలేదు. ఒక టిప్పు ఒకవైపు స్పష్టంగా పొడుచుకొచ్చి ఉంది. బోర్డు మీద గీతలు దాని పనే. ఎగిరిపోయింది రెండో కొత్త టిప్పు, అది దొరికింది. దాని వెనక వైపు సోల్డర్ ఒక మూల మాత్రమే పట్టింది, మిగతాదంతా నల్లగా మాడి ఉంది. కూర్చునే చోటు శుభ్రం చేయకుండా, సోల్డర్ పూర్తిగా పారకుండా అతికిస్తే ఇలాగే ఉంటుంది.

షాపువాళ్లకు చూపిస్తే మీ మెషీన్ షాఫ్ట్‌లో ఆట ఉంది, బోర్డు నాసిరకం అన్నారు. అదే మెషీన్‌లో, అదే బోర్డు మీద కొత్త బ్లేడుతో కోసిన ముక్క పక్కన పెట్టాను. అప్పుడు ఉచితంగా మళ్లీ సాన పడతామన్నారు. వద్దన్నాను. అంత పల్చబడ్డ పళ్లను మళ్లీ వాళ్ల చేతిలో ఎలా పెడతాను?

కాబట్టి ఇచ్చే ముందు నేరుగా అడగండి: డైమండ్ వీల్ వాడతారా, కూలెంట్ పెడతారా, ముఖం ఒక్కటేనా లేక పైభాగం కూడా చేస్తారా, కొత్త టిప్పు పక్కలు గ్రైండ్ చేసే మెషీన్ ఉందా? ఈ పని రోజూ చేసేవాళ్లు ఆగకుండా జవాబిస్తారు, మెషీన్ చూపిస్తారు కూడా. "అవన్నీ మీకెందుకు" అంటే బ్లేడు తీసుకుని వచ్చేయండి. పళ్ల ఆకారం, ముందు కోణం, టిప్పు మందం దగ్గర నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు. ఇంకో మాట, జిగురు, చెక్క బంక పట్టిన బ్లేడు కూడా మొద్దుబారినట్టే కోస్తుంది. ముందు డిటర్జెంట్ నీళ్లలో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్ది చూడండి. సాన అవసరమే లేకపోవచ్చు.

తిరిగి వచ్చాక నేరుగా మెషీన్‌కి బిగించకండి. భూతద్దంతో ప్రతి టిప్పు చుట్టూ సోల్డర్ గీత ఎక్కడా తెగకుండా ఉందో లేదో చూడండి. కొత్త పళ్ల వెడల్పును పాత పళ్లతో వెర్నియర్ పెట్టి పోల్చండి. బ్లేడును మధ్య రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగాలి. బొంగురుగా పలికితే ప్లేటులో పగులు ఉండొచ్చు, అలాంటి దాన్ని అస్సలు తిప్పకండి. మోగినంత మాత్రాన టిప్పులు గట్టిగా ఉన్నట్టు కాదు, సోల్డర్ విడిగా చూడాల్సిందే. మొదటిసారి బిగించాక గార్డు వేసి, బ్లేడు తిరిగే వరసలో ఎవరూ లేకుండా, చెక్క పెట్టకుండా కాసేపు ఖాళీగా తిప్పండి.

పగిలిన ప్లేటును వెల్డింగ్ చేసి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పగిలిన బ్లేడుకు రిపేరు లేదు. నా బ్లేడు పగలలేదు, అయినా ఇంకెవరూ బిగించకుండా మధ్యకు కోసి తుక్కులో వేశాను.