ఒక చెవి చెక్కని బొమ్మ: మా నాయనతో కలిసి చూసిన పినోకియో

మా నాయనది ఏర్పేడు దగ్గర మాధవమాల. చెక్క మీద దేవుళ్లని చెక్కే ఊరు. నలభై ఏళ్లు ఉలి పట్టిన చేతులు ఆయనవి. చూపు తగ్గాక పని మానేసి తిరుపతిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. సినిమాలంటే పెద్దగా పట్టదు. అలాంటి మనిషి పోయిన ఆదివారం దాదాపు రెండు గంటలు టీవీ ముందు నుంచి లేవలేదు.

మేం చూసింది నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న పినోకియో. గిల్యెర్మో డెల్ టోరో, మార్క్ గుస్తాఫ్‌సన్ కలిసి తీశారు. 2022లో వచ్చింది, 2023లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. చెక్కబొమ్మకి ప్రాణం వచ్చే పాత ఇటలీ కథే, కాకపోతే ఇటలీ నియంత ముస్సోలినీ కాలానికి తెచ్చారు. ఇంగ్లీషులో పెట్టుకున్నాం. తొమ్మిదేళ్ల మా పాప తాత పక్కన కూర్చుని మాటలు చెప్తూ వచ్చింది.

మొదట్లోనే చెక్కపని చేసే జెపెట్టో కొడుకు కార్లో చనిపోతాడు. విమానం పడేసిన బాంబు గుడి మీద పడుతుంది. బయటికి వచ్చేసిన పిల్లాడు పైన్ కాయ కోసం మళ్లీ లోపలికి పోతాడు, అంతే. కొన్నేళ్లకి ఒక వాన రాత్రి, తాగిన మైకంలో, సమాధి దగ్గర పెరిగిన పైన్ చెట్టుని నరికి కొడుకు బొమ్మ చెక్కడం మొదలుపెడతాడు. ఇక్కడ నాయన ముందుకు జరిగి కూర్చున్నాడు. జెపెట్టో కొలతలు తీసుకోడు, కోపంతో నరుకుతాడు. పూర్తి కాకుండానే నిద్రలో పడిపోతాడు. ఒక చెవి చెక్కలేదు, వీపు మీద మేకులు పైకే ఉన్నాయి, ఎక్కడా నునుపు లేదు. "ఉప్పుకాగితం కూడా పట్టలేదే, అట్నే లేసి తిరుగుతాండాడు" అన్నాడు నాయన. మా దగ్గర దేవుడి బొమ్మకి కళ్లు తెరవడం ఆఖరి పని. అప్పటిదాకా అది చెక్కే. సగం పనిలో ప్రాణం పోసేయడం ఆయనకి కొత్తగా ఉంది, నచ్చింది కూడా. సినిమా అయిపోయేదాకా ఆ రెండో చెవి ఎవరూ చెక్కరు. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బొమ్మని అందంగా చూపించాలన్న ఆరాటం లేదు. మోచేతి దగ్గర చెక్క చారలు, గొడ్డలి దెబ్బల గుర్తులు దగ్గరగా కనిపిస్తాయి.

ఇక గుడి సీను. జెపెట్టో నిచ్చెన మీద నిలబడి శిలువ మీది ఏసు విగ్రహానికి పని చేస్తుంటాడు. పినోకియో కింది నుంచి చూసి, ఆయన కూడా చెక్కేగా, ఆయన్ని అందరూ ఇష్టపడతారు, నన్నెందుకు ఇష్టపడరు అని అడుగుతాడు. పాప దాన్ని తెలుగులో చెప్పగానే నాయన ఆపమన్నాడు. కాసేపాగి, "ఒకే దుంగలో మంచి ముక్క స్వామికి పోయేది, మిగిలింది పీటకీ చపాతీ కర్రకీ పోయేది పాపా" అని చెప్పాడు. తన పని గురించి ఆయన ఇంతసేపు మాట్లాడి చాలా రోజులైంది. ఆ సీను మళ్లీ వేసుకుని చూశాం.

ఇవన్నీ కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు కావు. నిజం బొమ్మని చేత్తో వెంట్రుకవాసి కదిలించి ఫోటో తీసి, మళ్లీ కదిలించి ఇంకోటి తీస్తారు. సెకనుకి 24 ఫ్రేములు, సినిమా 1 గంట 57 నిమిషాలు, అంటే 1,68,000 ఫ్రేముల పైమాటే. ఒక్కో భంగిమని రెండు ఫ్రేములు నిలిపినా సగం మిగులుతాయి. పినోకియో ముఖాలు త్రీడీ ప్రింటర్‌లో తీసి మార్చి మార్చి పెట్టారు. జెపెట్టోకి సిలికాన్ చర్మం కింద ముఖాన్ని కదిలించే చిన్న యంత్రం అమర్చారు. ముసలాయన దవడ వణకడం, కళ్ల కింద సంచులు కదలడం చూస్తే అంత కష్టం ఎందుకు పడ్డారో అర్థమవుతుంది. డేవిడ్ బ్రాడ్లీ గొంతు కూడా ఆ ముఖానికి అతికినట్టు ఉంది.

నచ్చనివీ ఉన్నాయి. పాటలు ఎక్కువ, గుర్తుండేవి తక్కువ. నాన్నకి వీడ్కోలు చెప్పే పాట ఒక్కటే పాప మర్నాడు కూనిరాగం తీసింది. మిగతావి కథని ఆపేసి నడిచినట్టు అనిపించాయి. నాకు ఎక్కువ బాధ కలిగించింది మధ్యభాగం. సర్కస్ యజమాని వోల్పే, ముస్సోలినీ ముందు ఆట, పిల్లలకి యుద్ధ శిక్షణ ఇచ్చే శిబిరం వరసగా వచ్చిపడతాయి. ఈ లోపల జెపెట్టో కొడుకుని వెతుక్కుంటూ పోయి సముద్రజంతువు కడుపులో చిక్కుకుంటాడు, మనం ఆయన్ని చాలాసేపు చూడం. తండ్రీకొడుకుల కథ అని కూర్చోబెట్టి తండ్రిని అంతసేపు పక్కన పెడితే ఎట్లా? వాళ్లిద్దరూ ఒకచోట గడిపే మామూలు రోజులు ఇంకో పది నిమిషాలు ఉండాల్సింది. నాయనకి ముస్సోలినీ ఎవరో చెప్పడానికి నేను రెండుసార్లు సినిమా ఆపాను. పాపకి ఆ రాజకీయం ఎక్కలేదు.

ఫ్యామిలీ సినిమా అని పేరుందని చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. చావు ఇందులో అడుగడుగునా ఉంటుంది. పినోకియో చనిపోయిన ప్రతిసారీ చీకటిలోకంలో ఇసుక గడియారం ముందు కూర్చుని తిరిగి రావడానికి ఎదురుచూస్తాడు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు. పాప నా చెయ్యి వదల్లేదు. చివర్లో జెపెట్టో, కథ చెప్పే కీచురాయి, సర్కస్ కోతి ఒక్కొక్కరే పోతారు, బొమ్మ ఒక్కటే మిగులుతుంది. పాప ఏడ్చింది. నేను సముదాయించేలోపే నాయన దాన్ని దగ్గరికి తీసుకుని, దసరా కొలువులో పెట్టే రక్తచందనం జంట బొమ్మల గురించి చెప్పాడు. అవి మా జేజి పెళ్లికి కొన్నవి. జేజి పోయి ఇరవై ఏళ్లు దాటింది, బొమ్మలు బీరువాలో ఉన్నాయి. పాప వెంటనే తీయమంది, తీసి చూపించాను.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో, పెద్దవాళ్లు పక్కనుండి చూడాల్సిన సినిమా ఇది. కుదిరితే రెండు రోజులకి పంచుకోండి. జెపెట్టో వెతకడానికి బయల్దేరే దగ్గర ఆపుకోవచ్చు. మా తమ్ముడి కొడుక్కి ఐదేళ్లు. పండగకి వాళ్లొచ్చినప్పుడు మాత్రం ఇది పెట్టను.