ఆఫీసు పనికి ఎలిక్సిర్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్ల కిందట మా టీమ్‌లో ఐదుగురం. అందరికీ పైథాన్ వచ్చు, ఇద్దరికి జావా కూడా. వాహనాలు ఎక్కడున్నాయో ఎప్పటికప్పుడు మ్యాప్ మీద చూపించే సిస్టమ్ కట్టాల్సి వచ్చినప్పుడు నేను ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరెత్తాను. మేనేజర్ అడిగిన మొదటి మాట: "రేపు నువ్వు మానేస్తే దీన్ని ఎవరు చూసుకుంటారు?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, కానీ దానికి ముందు భాష గురించి కొంత చెప్పాలి.

ఎలిక్సిర్‌ను తయారుచేసింది జోసే వలీమ్. 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. అయితే అసలు బలం దాని కింద నడిచే ఎర్లాంగ్ అనే పాత భాషది. ఎర్లాంగ్ 1980ల్లో ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది, 1998లో ఓపెన్ సోర్స్ అయింది. ఒక కాల్ చెడిపోయిందని మిగతా కాల్స్ తెగిపోతే ఎక్స్ఛేంజీ పనికిరాదు కదా. ఆ పట్టింపు భాష నరనరాల్లో ఉంది. మాకు కావాల్సిందీ అదే.

మా సిస్టమ్‌లో ఒక్కో వాహనానికి ఒక్కో ప్రాసెస్. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్ కాదు, పుట్టినప్పుడు రెండు మూడు కిలోబైట్లు మాత్రమే తీసుకునే చిన్న ప్రాణి. దాని మెమరీ దానిదే, ఇంకొకటి వచ్చి చెయ్యిపెట్టలేదు. అందుకే ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా తాళం వేసే లాకుల గొడవ లేకుండా ఒక వాహనం కథంతా ఒకే ఫైల్‌లో, పైనుంచి కిందికి చదువుకునేలా రాయగలిగాం. నాకు ఈ భాషలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నడుస్తున్న సర్వర్‌లోకి కన్సోల్‌తో వెళ్లి, ఫలానా వాహనం ప్రాసెస్ ముందు ఎన్ని మెసేజ్‌లు క్యూలో ఉన్నాయో, అది మనసులో ఏం పెట్టుకుందో అక్కడికక్కడే చూడొచ్చు. ఒకసారి ఈ అలవాటు పడ్డాక లాగ్స్ మాత్రమే తవ్వుకుంటూ కూర్చోవడం కష్టం.

ఇంత చెప్పాక మా పొరపాటు కూడా చెప్పాలి. ఏదైనా ప్రాసెస్ పడిపోతే దాన్ని సూపర్‌వైజర్, అంటే మిగతావాటిని కనిపెట్టుకుని ఉండే ప్రాసెస్, మళ్లీ లేపుతుంది. ఎలిక్సిర్ గురించి ఎక్కడ చదివినా ముందు చెప్పేది ఇదే, మేమూ దాన్నే నమ్ముకున్నాం. మొదటి ఏడాదిలో ఒక రాత్రి మ్యాప్ మీద వాహనాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఒక వాహనంలోని పరికరం అక్షాంశం బదులు సెకనుకోసారి ఖాళీ స్ట్రింగ్ పంపుతోంది. దాని ప్రాసెస్ పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. సూపర్‌వైజర్ మళ్లీ లేపడానికి డిఫాల్ట్ హద్దు 5 సెకన్లలో 3 సార్లు. నాలుగోసారికి 'ఇది నా వల్ల కాదు' అని అది కూడా పడిపోయింది, పోతూ తన కిందున్న వాహనాలన్నిటినీ తీసుకుపోయింది. పై సూపర్‌వైజర్ దాన్ని లేపింది గానీ, అప్పటికప్పుడు పుట్టించిన ప్రాసెస్‌లు తిరిగి రావు. ఖాళీ మ్యాప్ మిగిలింది.

ఆ రాత్రి తర్వాత రెండు మార్పులు చేశాం. తప్పుడు డేటాను గుమ్మం దగ్గరే ఆపుతున్నాం, ఎందుకంటే వస్తుందని ముందే తెలిసిన చెత్తకు కూలిపోవడం సరైన జవాబు కాదు. వాహనం ప్రాసెస్‌ను టెంపరరీగా పెట్టాం: పడిపోతే సూపర్‌వైజర్ లేపదు, తర్వాతి లొకేషన్ వచ్చినప్పుడు మేమే మళ్లీ పుట్టిస్తాం. అప్పటి నుంచి ఒక వాహనం వల్ల ఇంకో వాహనం ఆగింది లేదు.

ఇక మేనేజర్ ప్రశ్న. ఎలిక్సిర్ అనుభవం కావాలని ప్రకటన ఇచ్చిన మొదటిసారి మూడు నెలలు ఎదురుచూశాం, సరైన మనిషి దొరకలేదు. తర్వాత ఆ షరతే తీసేశాం. పైథాన్ వాళ్లను, రూబీ వాళ్లను తీసుకుని మేమే నేర్పాం. నెల తిరిగేసరికి చిన్న మార్పులు సొంతంగా చేసేవారు. సింటాక్స్‌తో ఎవరికీ ఇబ్బంది రాలేదు. లూప్‌లో వేరియబుల్ మార్చుకుంటూ పోయే అలవాటును వదిలించుకోవడమే కష్టమైంది. ఆ నెల జీతం, నేర్పే సీనియర్ సమయం ప్రాజెక్ట్ ఖర్చులో ముందే రాసుకోండి. మేం రాసుకోలేదు, అందుకే రెండు డెడ్‌లైన్లు దాటిపోయాయి.

లైబ్రరీల లోటు నిజమే. వెబ్, డేటాబేస్ పనులకు ఫీనిక్స్, ఎక్టో ఉన్నాయి, వాటి మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ మేం వాడిన పేమెంట్ సేవ వాళ్లు జావాకు, పైథాన్‌కు లైబ్రరీ ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. సొంతంగా రాసుకున్నాం. వాళ్ల సర్వర్ మాకు పంపే వెబ్‌హుక్ కబురు మీద, అది అసలైనదేనని చూపే సంతకం సరిపోలకపోవడంతో రెండు రోజులు పోయాయి. చూస్తే, సంతకం సరిచూసేలోపే వచ్చిన డేటాను విడదీసే మా పార్సర్ రిక్వెస్ట్ బాడీని చదివేసింది, అసలు బైట్లు మాకు మిగల్లేదు. పెద్ద భాషల్లో ఇలాంటి గుంటలో మనకంటే ముందు వందమంది పడి, జవాబు రాసిపెట్టి ఉంటారు.

టైప్స్ విషయంలో, అంటే అంకె రావాల్సిన చోట అక్షరాలు వస్తే ముందే పట్టుకోవడంలో, చాలాకాలం అసంతృప్తి ఉండేది. ఇలాంటి తప్పులు వెతికే డయలైజర్ అనే టూల్ ఇచ్చే హెచ్చరికలు అర్థం చేసుకోవడానికే ఓపిక కావాలి. 2024లో వచ్చిన 1.17, 1.18 వెర్షన్ల నుంచి కంపైలరే కొన్ని టైప్ తప్పులు పట్టిస్తోంది, తేడా కనిపిస్తోంది. ఇన్నేళ్లలో వెర్షన్ మార్చుకోవడానికి మాకు ఒక్కసారి కూడా రోజుకు మించి పట్టలేదు. తక్కువ మంది వాడే భాషలో ఇంత నిలకడ నేను ఊహించలేదు.

లెక్కల భారం ఎక్కువున్న పనికి మాత్రం దీన్ని పెట్టకండి. రూట్ లెక్కలు మొదట ఇందులోనే రాశాం, నెమ్మదిగా నడిచాయి, ఇప్పుడు వేరే సర్వీసుగా రస్ట్ అనే భాషలో ఉన్నాయి. పోయిన ఏడాది బిల్లింగ్ ప్రాజెక్ట్ వచ్చింది. ఫారాలు, రిపోర్టులు, రాత్రిపూట నడిచే రెండు జాబ్‌లు, అంతే. అందులో ఎలిక్సిర్ గెలిచే చోటు లేదు, పైథాన్‌నే ఎంచుకున్నాను. వాహనాల సిస్టమ్‌ను ఇప్పుడు చూసుకునే ఇద్దరూ మేం నేర్పితే నేర్చుకున్నవాళ్లే. గత నెల నేను రెండు వారాలు సెలవులో ఉన్నాను, ఒక్క ఫోన్ కూడా రాలేదు.