యూకే వెళ్లే పిల్లలకు ఆ తేలికపాటి తెల్ల అడాప్టర్లు కొనివ్వకండి

పిల్లల్ని యూకే పంపుతున్న తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి. మా అబ్బాయి గదిలో నిప్పంటుకునే ప్రమాదం కొద్దిలో తప్పింది. నేను కొనిచ్చిన అడాప్టర్ వల్లే.

మావాడు లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. మన ప్లగ్గులకు గుండ్రటి పిన్నులు, అక్కడి సాకెట్లకు మూడు పలక పిన్నులు. అందుకని ప్రయాణానికి ముందు కోఠిలో ఒక షాపులో 150 రూపాయల చొప్పున నాలుగు అడాప్టర్లు తీసుకున్నాను. రైస్ కుకర్ పెట్టొచ్చా అని రెండుసార్లు అడిగాను. "ఏదైనా పెట్టుకోండి సార్, ప్యాకెట్ మీద 13 ఆంపియర్లు అని ఉంది చూడండి" అన్నాడు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చాడు.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒక ఆదివారం ఫ్రెండ్స్ వచ్చారు. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిన ఎక్స్‌టెన్షన్ బోర్డుని అడాప్టర్‌కి తగిలించి, 700 వాట్ల కుకర్, 1500 వాట్ల కెటిల్ ఒకేసారి ఆన్ చేశారు. ఐదు నిమిషాలు కాకముందే కాలిన వాసన, పొగ, అలారం మోత. ఒకబ్బాయి వెంటనే గోడ స్విచ్ ఆపేశాడు. అప్పటికే అడాప్టర్ గోధుమరంగుకి తిరిగి, కరిగి, ప్లగ్గుకి అతుక్కుపోయింది. "టెన్షన్ పడకు నాన్నా, అందరం బాగానే ఉన్నాం" అన్నాడు గానీ, ఆ ఫొటో చూశాక నాకు రాత్రంతా నిద్ర లేదు. వాళ్లు పడుకున్నాక అలా జరిగుంటే?

నాలుగింటిలో రెండు మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఎలక్ట్రీషియన్ అయిన మా బావమరిది ఒకదాన్ని విప్పి చూపించాడు. ప్యాకెట్ మీద 13 ఆంపియర్లు, అడాప్టర్ ఒంటి మీద చిన్న అక్షరాలతో 6 ఆంపియర్లు! 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లు. అంటే ఆ కెటిల్ ఒక్కటే దానికి ఎక్కువ. కుకర్ కూడా కలిస్తే దాదాపు 9.6 ఆంపియర్లు. లోపలి ఇత్తడి రేకులు కాగితంలా పల్చగా ఉన్నాయి. ఏ దేశం పిన్నయినా పట్టాలని రంధ్రాలు వదులుగా పెట్టారు, అందుకే మన పిన్ను అందులో గట్టిగా కూర్చోదు. వదులుగా ఉన్న చోటే వేడి పుడుతుంది.

అన్నిటికంటే పెద్ద మోసం, అందులో ఫ్యూజు లేదు. బ్రిటన్ ఇళ్లలో చాలా సాకెట్లు రింగులాగా ఒకే సర్క్యూట్ మీద ఉంటాయి, దానికి 32 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది. మనవాళ్ల అడాప్టర్ 10 ఆంపియర్లకు కరిగిపోతున్నా ఆ బ్రేకర్ ట్రిప్ అవ్వదు. అందుకే అక్కడ ప్రతి ప్లగ్గులోనూ విడిగా ఫ్యూజు పెడతారు.

ఇంకోటి, ఎర్త్ పిన్ను ఉత్త ప్లాస్టిక్. బ్రిటిష్ సాకెట్‌లో పైన ఉండే పొడవాటి పిన్ను లోపలికి వెళ్తేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. ఈ ప్లాస్టిక్ ముక్క ఆ పని మాత్రమే చేస్తుంది. ఎర్త్ అక్కర్లేని ఫోన్ చార్జర్లకు ప్లాస్టిక్ పిన్ను ఉండొచ్చు, తప్పు లేదు. కానీ లోహపు కుకర్‌కి ఎర్త్ లేకపోతే, కరెంటు లీకైన రోజు ముట్టుకున్నవాళ్లకు షాకే. కొందరు పిల్లలు పై రంధ్రంలో పెన్ను గుచ్చి, మూతలు తెరిచి, రెండు పిన్నుల ప్లగ్గు దూరుస్తున్నారట. ఆ పని అస్సలు చెయ్యొద్దని గట్టిగా చెప్పండి.

షాపుకి వెళ్తే "వాడిన సామాను వాపసు తీసుకోం" అన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. చేతిలో సరైన బిల్లు లేకపోవడమే నా ఇబ్బంది. మీరు మాత్రం బిల్లు లేకుండా కొనకండి.

ఇప్పుడు మావాడు కుకర్, కెటిల్ అక్కడే కొన్నాడు. లాప్‌టాప్ చార్జర్‌కి అడాప్టర్ అవసరమే లేకపోయింది. చార్జర్ డబ్బాలోంచి ఊడొచ్చే వైరు ఒక్కటి ఫ్యూజున్న బ్రిటిష్ ప్లగ్గుతో తీసుకుంటే సరిపోయింది. అడాప్టరే కావాలంటే ఫ్యూజు, లోహపు ఎర్త్ పిన్ను ఉన్నాయో లేదో విప్పిగానీ వెలుతురులో పట్టిగానీ చూసుకోండి. ఫ్యూజు మీద బి.ఎస్. 1362 (ప్లగ్గు ఫ్యూజులకు బ్రిటిష్ ప్రమాణం) అని ఉండాలి. హాస్టల్ గదుల్లో చాలాచోట్ల కుకర్లు పెట్టనివ్వరు, అది కూడా ముందే కనుక్కోండి.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడ 120 వోల్టులు. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. వస్తువు మీద 100-240 అని లేకపోతే తీసుకెళ్లకండి. మన మిక్సీ అక్కడ ఈడ్చుకుంటూ తిరిగి, పిండి గట్టిగా ఉంటే ఆగిపోయి మోటారు కాలుతుంది.

మీ పిల్లలు ఇప్పటికే ఇలాంటి అడాప్టర్‌తో వెళ్లి ఉంటే, ఈ రోజే ఫోన్ చేసి గోడ నుంచి తీయించండి.