ఏడేళ్ళ స్మార్ట్ టీవీ: బొమ్మ బాగానే ఉంది, బుర్రే పోయింది

2018 దసరా ఆఫర్లలో కొన్న 43 అంగుళాల టీవీ ఇది. ఫుల్ హెచ్‌డీ, 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్. అప్పట్లో 27 వేలు పెట్టాను. కంపెనీ పేరు చెప్పను. అదే ధరలో వేరే వేరే కంపెనీలవి కొన్న స్నేహితుల ఇళ్ళలో కూడా కథ ఇంచుమించు ఇలాగే నడిచింది. కొన్న వారానికే సమీక్ష రాసి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేసేవాణ్ణి. ఇప్పుడు టీవీకి నాలుగు, లోపలి సాఫ్ట్‌వేర్‌కి ఒకటి. ఆ ఒకటైనా, దాన్ని పక్కన పెట్టేసే వీలు ఉంచినందుకు.

ముందు బొమ్మ సంగతి. విజయవాడ ఎండలు, మా వీధి కరెంటు, రోజుకు ఐదారు గంటల వాడకం. ఇన్ని తట్టుకుని కూడా రంగులు పెద్దగా తగ్గలేదు. తెర (ప్యానెల్) ఐపీఎస్ అనే రకం కాబట్టి పక్కగా దివాన్ మీద పడుకుని చూసినా ముఖాలు పాలిపోవు. చీకటి గదిలో సినిమా పెడితే మాత్రం నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది, అది ఐపీఎస్‌తో వచ్చేదే. ఆరో ఏట కింద ఎడమ మూల మసకబారింది. ప్యానెల్ పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మెకానిక్ వచ్చి లైటు ఆర్పి, తెర మీద టార్చి వేసి చూసి, "ప్యానెల్ బానే ఉంది సార్, వెనకాల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పోయాయి" అన్నాడు. 3,200 రూపాయలతో తేలిపోయింది. వెళ్తూ వెళ్తూ, "బ్యాక్‌లైట్ వందలో పెట్టి వాడితే ఆ వేడికి ఎన్నాళ్ళుంటాయండీ?" అని ఓ మాట అనిపోయాడు. కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే ఉంచేశాను మరి. అప్పటి నుంచి 40లో పెట్టాను. తేడా ఇంట్లో ఒక్కరు కూడా కనిపెట్టలేదు.

శబ్దం గురించి చెప్పడానికేమీ లేదు. పాటలు గట్టిగా, మాటలు గొణుగుడుగా వినిపిస్తాయి.

ఇక బుర్ర. మొదట్లో హోమ్ పేజీలో ఒక వరుసలో యాప్‌లు, దాని కింద సెట్‌టాప్ బాక్స్ లాంటివి తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టులు ఉండేవి, అంతే. రెండో ఏట ఒక అప్‌డేట్ వచ్చింది. పొద్దున లేచి చూస్తే తెర నిండా సినిమా పోస్టర్లు, పైన సగం తెర ఆక్రమించిన ప్రకటన. సెట్‌టాప్ బాక్స్ పెట్టుకోవాలంటే కింది దాకా దిగి, పక్కకు జరిగి, ఇంకోసారి నొక్కాలి. "ఏంట్రా ఇది, భక్తి చానల్ పెడదామంటే ముందు బనీన్ల ప్రకటనా?" అంది అమ్మ. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే దారి లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అదే పేజీ.

తర్వాతి అప్‌డేట్లతో నత్తనడక మొదలైంది. కారణం సులువే: సాఫ్ట్‌వేర్, యాప్‌లు ఏటేటా బరువెక్కుతాయి, 1 జీబీ ర్యామ్ మాత్రం బోర్డుకి అతికించిందే, పెంచుకునే వీల్లేదు. ఉన్న 8 జీబీలో మనకు మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. అది నిండేకొద్దీ ఇంకా నెమ్మది. ఒకరోజు లెక్కపెట్టాను, హోమ్ బటన్ నొక్కాక పేజీ రావడానికి 11 సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో ఎవరైనా ఏం చేస్తారు? ఇంకో నాలుగుసార్లు నొక్కుతారు. అవన్నీ లోపల క్యూ కట్టి ఒక్కసారిగా పనిచేసి, అడగని సినిమా ఏదో మొదలవుతుంది. మా రిమోట్‌లో ఓకే బటన్ మీద అక్షరాలు అరిగిపోయింది అందుకే.

2022లో, ఏడాది చందా కట్టిన ఒక యాప్ "ఈ పరికరంలో ఇకపై పనిచేయదు" అంది. రిమోట్ మీద దాని బటన్ మాత్రం ఎర్రగా అలాగే ఉంది.

ఆ కోపంలో సెట్టింగులన్నీ తవ్వుతుంటే, మనం ఏం చూస్తున్నామో గుర్తుపట్టి పంపే ఏసీఆర్ అనే స్విచ్ ఆన్‌లో కనిపించింది. తెర మీది బొమ్మ నుంచి ముక్కలు తీసి, సర్వర్‌లోని నమూనాలతో పోల్చి చూస్తుందట. సెట్‌టాప్ బాక్స్‌లో చూసినా, పెన్ డ్రైవ్‌లో చూసినా దానికి ఒకటే. అమెరికాలో విజియో అనే కంపెనీ చెప్పకుండా ఇలా 1.1 కోట్ల టీవీల నుంచి సమాచారం లాగిందని కేసు పడితే, 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2021 నాటికి అదే కంపెనీకి టీవీలు అమ్మితే వచ్చే లాభం కన్నా ప్రకటనలు, డేటా మీద వచ్చేదే ఎక్కువైంది. 2024లో దాన్ని కొన్నది వాల్‌మార్ట్, అంటే పచారీ సామాన్లు అమ్మే దుకాణం. టీవీలు ఇంత చవకగా ఎలా ఇస్తున్నారని ఇప్పుడు నన్నెవరూ అడగక్కర్లేదు.

చివరికి చేసింది ఇదీ. టీవీలో వైఫై పాస్‌వర్డ్ చెరిపేశాను. ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐ 1కి వెళ్ళేలా పెట్టాను. ఆ పోర్టుకి 4 వేలు పెట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించాను, అంటే టీవీ బుర్రతో పని లేకుండా యాప్‌లు తానే నడిపే చిన్న పరికరం. మొదటి వారం అది మాటిమాటికీ రీస్టార్ట్ అయ్యేది. దానికి కావలసిన కరెంటు టీవీ వెనకాల యూఎస్‌బీ ఇవ్వలేకపోయింది. దాని అడాప్టర్ గోడకి పెట్టాక మళ్ళీ అలా జరగలేదు. హెచ్‌డీఎంఐ ద్వారా ఒక పరికరం ఇంకోదాన్ని నడిపే సీఈసీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే స్టిక్ రిమోట్‌తోనే టీవీ ఆగుతుంది, వెలుగుతుంది. అమ్మకి ఒక రిమోట్ తగ్గింది.

స్టిక్ పుణ్యాత్మురాలేం కాదు. ఈమధ్య దాని హోమ్ పేజీలో కూడా ప్రకటనలు పెరిగాయి. కానీ అది విసిగిస్తే తీసి పారేసేది 4 వేల వస్తువు, బంగారంలాంటి ప్యానెల్ కాదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఎదురింటి అన్నయ్య కొత్తది కొంటానని నన్ను షోరూముకి తీసుకెళ్ళారు. సేల్స్ కుర్రాడు ఏఐ అంటున్నాడు, యాప్‌లు ఎన్నున్నాయో చూపిస్తున్నాడు. నేను రిమోట్ తీసుకుని, ఇంటర్నెట్ ఇవ్వకుండా, ఖాతా తెరవకుండా ఆన్ చేస్తే నేరుగా హెచ్‌డీఎంఐకి వెళ్తుందా అని అడిగాను. ఆ కుర్రాడు నన్ను కాసేపు అలా చూసి మేనేజర్‌ని పిలిచాడు.