పిల్లల అయస్కాంతాల సెట్: కొన్నేళ్లు వాడాక

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్స్ చెప్పడానికి ఈ సెట్ కొని కొన్నేళ్లవుతోంది. రెండు దండాయస్కాంతాలు, ఫెరైట్ రింగులు, ఒక దిక్సూచి, సీసాలో ఇనుప రజను, చొక్కా గుండీలంత నియోడిమియం బిళ్లలు (చిన్నవైనా చాలా బలమైన అయస్కాంతాలు) వచ్చాయి.

పెట్టిన డబ్బుకు న్యాయం చేసినవి రింగులే. సజాతి ధ్రువాలు ఎదురెదురుగా ఉండేలా పెన్సిల్‌కు తొడిగితే పైవి గాల్లో ఆగిపోతాయి. అసలు చూడాల్సింది వాటి మధ్య ఖాళీలు. అడుగున సందు ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. అడుగు సందు మీద పై రింగులన్నిటి బరువూ పడుతుంది కదా! దూరం తగ్గితే వికర్షణ పెరుగుతుందని నేను నోరు తెరవకముందే పిల్లలు చెప్పేస్తారు.

దండాయస్కాంతాల్లో మొదటి జోరు లేదు. పిల్లల చేతుల్లోంచి కింద పడుతూనే ఉంటాయి మరి. లోపల ఒకే దిశకు తిరిగి ఉన్న డొమైన్లు, అంటే బుల్లి అయస్కాంతాల్లాంటి భాగాలు, దెబ్బ తగిలినప్పుడల్లా కొంత చెదురుతాయి, బాగా వేడెక్కినా అంతే. విజాతి ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టి, మధ్యలో చెక్క ముక్క ఉంచి, రెండు కొసలకూ మెత్తని ఇనుప ముక్కలు అంటించి దాచాలి. ఆ ముక్కలను ప్యాకింగ్ అనుకుని పారేయకండి. బలం తగ్గినా అసలు పాఠానికి లోటు లేదు: మేకును ఏ కొసైనా లాగుతుంది, కాబట్టి ఎదుటిది అయస్కాంతమో ఉత్త ఇనుమో తేల్చేది వికర్షణే.

రజను చల్లే ముందు అయస్కాంతాన్ని కవర్లో చుట్టండి, నేరుగా అంటుకుంటే గోటితో గీకినా పోదు. పైన కాగితం పరిచి, పలచగా చల్లి, వేలితో మెల్లగా తడితే బలరేఖలు తేలతాయి.

నియోడిమియం బిళ్లలు పిల్లల సెట్‌లో ఎందుకు పెట్టారో అర్థం కాదు. రెండు మింగితే పేగు గోడలను మధ్యలో నొక్కి పట్టుకుని చిల్లులు పెట్టగలవు. మావి బీరువాలో తాళం వేసి ఉన్నాయి. ఒకసారి ఒక బిళ్ల దగ్గరికి వచ్చేసరికి దిక్సూచి ముల్లు ధ్రువాలే తారుమారై ఎర్ర కొస దక్షిణం చూపింది. బిళ్లను తిరగేసి అదే కొస దగ్గరికి తెస్తే దారికొచ్చింది.

దిక్సూచి చవకబారుదే అయినా కరెంటు పారే తీగ దిక్సూచి ముల్లును కదిలిస్తుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓయర్‌స్టెడ్ గమనించింది చూపించడానికి చాలు. ముల్లుకు పైన, సమాంతరంగా వైరు ఉంచి, కొసలను పెన్సిల్ సెల్‌కు తాకిస్తే ముల్లు పక్కకు తిరుగుతుంది. ఒక్క క్షణం తాకించి తీసేయండి, లేకపోతే వైరు, సెల్ రెండూ వేడెక్కుతాయి.