పారిస్‌లో "లిఫ్ట్ ఉంది" అంటే ఏమిటో 89 మెట్లు ఎక్కాక తెలిసింది

89 మెట్లు. వీధి తలుపు దగ్గర్నుంచి మేం తీసుకున్న ఫ్లాటు గుమ్మం దాకా మా పాప రెండుసార్లు లెక్కపెట్టి మరీ చెప్పింది. నేనిది రాయడానికి కారణం ఆ మెట్లే. ఈఫిల్ టవర్ గురించి, మోనాలిసా గురించి రాసేవాళ్ళు ఎలాగూ బోలెడంతమంది ఉన్నారు.

2024 మేలో వెళ్ళాం. నేను, మా ఆయన, పదేళ్ళ పాప, మా అమ్మ, మా అత్తయ్య. వియ్యపురాళ్ళిద్దర్నీ కలిపి తీసుకెళ్తున్నామంటే మా చుట్టాలు "మీకు ధైర్యం ఎక్కువే" అన్నారు, వాళ్ళు భయపడ్డ గొడవలేవీ జరగలేదు, ఇద్దరూ ఒకటైపోయి మమ్మల్నే తిట్టారు. ఐదుగురికి పారిస్ హోటల్లో ఒక గది ఇవ్వరు, రెండు గదులు తీసుకోవాలి, పైగా అత్తయ్యకు రోజులో ఒక్క పూటైనా అన్నం, చారు పడాలి. అందుకని వంటిల్లున్న రెండు పడగ్గదుల ఫ్లాటు వెతికాను. ఏడు రాత్రులకు శుభ్రం చేసే ఫీజు, సర్వీసు ఫీజు అన్నీ కలిపి 1,462 యూరోలు. అప్పటి లెక్కన యూరో 90 రూపాయలు వేసుకుంటే లక్షా 31 వేల పైమాటే. "మోంమార్త్ర్ అంచున, నాలుగో అంతస్తు, లిఫ్ట్ ఉంది" అని ప్రకటనలో రాసి ఉంది (మోంమార్త్ర్ అక్కడ పేరున్న పాత పేట). అత్తయ్య మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి నేను చూసిందల్లా ఆ చివరి ముక్కే, చూసి పొంగిపోయాను.

శనివారం సాయంత్రం షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో దిగాం. టాక్సీ విషయంలో మాత్రం మోసం లేదు, నగరంలోకి ధర ముందే ఖాయం: 2024లో సేన్ నదికి ఉత్తరం వైపైతే 56, దక్షిణం వైపైతే 65 యూరోలు. ఐదో మనిషికి అదనంగా 5.50 తీసుకున్నాడు. ఎరైవల్స్ గేటు దగ్గర "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్ళని పట్టించుకోకుండా నేరుగా క్యూలోకి వెళ్ళండి.

అసలు కథ వీధిలో మొదలైంది. తాళం చెవి ఎవరూ చేతికివ్వరు, ఇంటి ముందు రెయిలింగుకు నంబర్ల పెట్టె వేలాడుతుంటుంది, అందులో ఉంటుంది. సరే అనుకున్నాం గానీ ఆ రెయిలింగుకు అలాంటి పెట్టెలు పదకొండున్నాయి! అన్నీ నల్లవే. మా ఆయన ఫోన్ లైటు వేసుకుని ఒక్కొక్క దాన్నీ తిప్పుతుంటే దారిన పోయేవాళ్ళు దొంగని చూసినట్టు చూశారు. (తర్వాత పారిస్ నగరపాలక సంస్థ వీధుల్లో ఇలాంటి పెట్టెల్ని పీకించేయడం మొదలుపెట్టిందని చదివి నాకు కొంచెం చల్లగా అనిపించింది.) ఎనిమిదో పెట్టె తెరుచుకుంది. అప్పుడే ఇంటాయన మెసేజ్: రాత్రి ఎనిమిది దాటాక వచ్చినందుకు 60 యూరోలు, నగదుగా, బల్ల మీద కవర్లో పెట్టండి. బుకింగ్‌లో ఈ మాటే లేదు. అయినా పెట్టాం. అలసిపోయి ఉన్నప్పుడు మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు.

ఇక ఆ లిఫ్టు. ఉంది, అబద్ధం కాదు. కానీ వీధి తలుపు తీశాక 11 మెట్లు ఎక్కితే గానీ దాని దగ్గరికి చేరం. పోనీ అది నాలుగో అంతస్తులో ఆగుతుందా అంటే ఆగదు, మూడుకీ నాలుగుకీ మధ్య మెట్ల మలుపులో ఆగుతుంది. అక్కడినుంచి మళ్ళీ తొమ్మిది మెట్లు. లోపల "ముగ్గురు, 225 కిలోలు" అని పలక ఉంది గానీ ఒక మనిషి, ఒక సూట్‌కేసు పట్టాక తలుపు మూయాలంటే ఊపిరి బిగబట్టాలి. అమ్మ అందులో ఒక్కతే వెళ్ళనంది, ఇద్దరు పట్టరు, కాబట్టి అమ్మ ఆ రాత్రి మెట్లే ఎక్కింది.

ఇలా ఎందుకుంటుందో తర్వాత తెలుసుకున్నాను. పారిస్ నడిబొడ్డున కనిపించే ఆ అందమైన రాతి భవంతుల్లో చాలావరకు 19వ శతాబ్దంలో, లిఫ్టులు వాడుకలోకి రాకముందు కట్టినవి. అప్పట్లో డబ్బున్నవాళ్ళు రెండో అంతస్తులో ఉండేవాళ్ళు, పైకెళ్ళే కొద్దీ అద్దె తగ్గేది, కప్పు కింది ఇరుకు గదులు పనిమనుషులవి. లిఫ్టులు తర్వాత పెట్టారు, చోటెక్కడిది, మెట్ల మధ్య ఉన్న ఖాళీలో దూర్చారు. అందుకే మలుపుల్లో ఆగుతాయి. ఇప్పుడు ఆ పనిమనుషుల గదుల్నే "పారిస్ పైకప్పుల అందాలు కనిపించే గది" అంటూ అద్దెకిస్తున్నారు. పైన జింకు రేకు, వేసవిలో అందులో ఉంటే ఉడికిపోతాం. ఫోటోలో వాలు గోడ కనిపించిందా, వదిలేయండి.

ఆదివారం మెట్లు దిగడమే పెద్ద పని అని పెద్దవాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు. అత్తయ్య చారుకి తాలింపు పెట్టింది, పొగ అలారం మోగింది, కిందింటావిడ చీపురుతోనో దేనితోనో కప్పు మీద దబదబా కొట్టింది. మరుగుదొడ్డి ఒక చోట, స్నానాలగది ఇంకో చోట, మరుగుదొడ్లో కొళాయి లేదు. మగ్గు నేను హైదరాబాద్ నుంచే పట్టుకెళ్ళాను గానీ నీళ్ళు వంటింట్లోంచి మోసుకోవాలి. ఇది మాత్రం ఇంటాయన తప్పు కాదు, అక్కడి పాత ఇళ్ళన్నీ దాదాపు అంతే.

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి తిరిగొచ్చేసరికి లిఫ్టు తలుపు మీద "ఆన్ పాన్" అని కాగితం. పాడైందని అర్థం, ఫ్రెంచిలో నేను మొదట నేర్చుకున్న మాట అదే. అత్తయ్య రెండో అంతస్తు దాకా వచ్చి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అలిపిరి మెట్లెక్కితే పైన స్వామైనా ఉంటాడు వదినగారూ, ఇక్కడ పైన ఏముందని?" అంది. అమ్మ నవ్వింది. మా ఆయన నవ్వలేదు, ఎందుకంటే ఫ్లాటు ఎంచింది నేనే అయినా "ఓకే, బుక్ చెయ్" అన్నది తను. ఇంటాయనకి మెసేజ్ పెడితే "శుక్రవారం మెకానిక్ వస్తాడు, పాత పారిస్ అందం ఇదే" అని జవాబు. నాకు నిజంగా ఒళ్ళు మండింది.

ఆ రాత్రే వేరే చోటు వెతికాం. మంగళవారం లూవ్ర్ మ్యూజియం ఎలాగూ మూసే ఉంటుంది కాబట్టి సామాన్లు మోసుకోవడానికి ఆ రోజే సరిపోయింది. 15వ డిస్ట్రిక్టులో (డిస్ట్రిక్టంటే ఊళ్ళోని వార్డు లాంటిది), లా మోత్-పికే గ్రెనెల్ స్టేషన్‌కి నాలుగు నిమిషాల నడక దూరంలో మూడు నక్షత్రాల అపార్ట్‌మెంట్ హోటల్. చిన్న వంటిల్లున్న రెండు స్టూడియోలు, ఒక్కోటి రాత్రికి 148 యూరోలు. పైన పర్యాటక పన్ను, ఆ ఏడాది మూడు నక్షత్రాలకి మనిషికి రాత్రికి 5.20, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి లేదు. నాలుగు రాత్రులకి నలుగురు పెద్దలం, మొత్తం 1,267.20. బుకింగ్ ధరలో ఈ పన్ను చాలాసార్లు కలిసి ఉండదు, కౌంటర్ దగ్గర అడుగుతారు, కంగారు పడకండి. ఈసారి నేను ఫోన్ చేసి అడిగింది ఒకటే: లిఫ్టు వీధి మట్టం నుంచే మొదలవుతుందా, మా అంతస్తులోనే ఆగుతుందా? కౌంటర్లో అమ్మాయి నవ్వి, చక్రాల కుర్చీ పట్టేంత ఉందంది. కొత్త బిల్డింగ్, బయటినుంచి చూస్తే మన ఊళ్ళో బ్యాంకు ఆఫీసులా ఉంటుంది, ఫోటోల్లో ఏ అందమూ లేదు. అత్తయ్య లిఫ్టు ఎక్కి అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంది. అది చాలు నాకు.

ఆ పేట నాకు నచ్చేసింది. బుధవారం పొద్దున బయటికొస్తే వంతెన మీద పోయే మెట్రో కిందే బారుగా సంత. బుధ, ఆదివారాలు పెడతారట. పైన రైళ్ళు గడగడా పోతుంటాయి, కింద కూరలు, చేపలు, చీజ్, పూలు. అమ్మ అచ్చం మన రైతుబజారులో లాగే బేరం మొదలుపెట్టింది, తెలుగులో. అతను ఫ్రెంచిలో జవాబు చెప్పాడు. చివరికి రెండు కిలోల టమాటాలు తీసుకుంటే నాలుగు నిమ్మకాయలు ఊరికే వచ్చాయి. ఆ స్టేషన్లో మూడు లైన్లు కలుస్తాయి (6, 8, 10). 6వ లైన్‌లో బీర్-అకెమ్ దాటగానే రైలు నది మీదకొస్తుంది, కుడివైపు ఈఫిల్ టవర్ నిండుగా కనిపిస్తుంది. పాప ఆ అర నిమిషం కోసం నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పించింది. కిటికీలోంచి టవర్ కనిపించే గది అని రాత్రికి ఇంకో వంద యూరోలు పోయొద్దు, మెట్రో టికెట్ 2024లో 2.15 యూరోలే.

మొదటి ఫ్లాటు పేటని మాత్రం పూర్తిగా తిట్టలేను. పేరుకి మోంమార్త్ర్ అంచు, నిజానికి బార్బెస్ వైపు, అర్ధరాత్రి దాకా సందడి, మెట్రో మెట్ల దగ్గర సిగరెట్లు అమ్మేవాళ్ళు దారికి అడ్డంగా నిలబడతారు. కుర్రాళ్ళకి ఫర్వాలేదు, పెద్దవాళ్ళతో కష్టం. కానీ అక్కడినుంచి పావుగంట నడిస్తే లా షాపెల్ అనే పేట. ఫోబూర్ సాన్-డెనీ వీధి పైకొసంతా శ్రీలంక తమిళుల కొట్లు, కరివేపాకు, పచ్చిమిరప, మురుక్కాయలు, చీరలు, బంగారం. అమ్మది చిత్తూరు, తమిళం బాగా వచ్చు, అక్కడ ఒక హోటల్ పెద్దాయనతో ముప్పావుగంట మాట్లాడింది. ఆయన జాఫ్నా తమిళం సగమే అర్థమైందట, ఆయనకీ అమ్మ తమిళం అంతేనట. ఇడ్లీ, వడ, సాంబారు 6 యూరోలు, భోజనం 9.50. సాంబారు రెండోసారి అడగకుండానే పోశాడు. అత్తయ్య మూడు రోజుల తర్వాత కడుపు నిండా తిన్నది ఆ పూటే. దగ్గర్లో పాజోల్ వీధిలో మాణిక్క వినాయకుడి గుడి ఉంది, వెళ్ళొచ్చాం. హోటల్ మారాక కూడా ఆ భోజనం కోసం మెట్రోలో రెండుసార్లు పోయాం. కాబట్టి నా మాట: అక్కడికి తినడానికి వెళ్ళండి, పడుకోవడానికి వేరే చోటు చూసుకోండి.

పేటల లెక్క తేలికే. ఊరు మొత్తం 20 డిస్ట్రిక్టులు, నడిమధ్యన లూవ్ర్ దగ్గర ఒకటితో మొదలై నత్తగుల్లలా తిరుగుతూ బయటికి పోతాయి. పిన్‌కోడ్ చివరి రెండంకెలే డిస్ట్రిక్టు నంబరు, 75015 అంటే 15. "పారిస్" అని రాసి పిన్‌కోడ్ 75తో మొదలవ్వకపోతే అది శివారు. 5, 6, 7 బాగుంటాయి, ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. డబ్బు తక్కువైతే 13, చైనావాళ్ళ పేట, అన్నం దొరుకుతుంది. షాంజెలీజే అనే ఆ పేరున్న రోడ్డు పక్కన ఎందుకుండాలో నాకు అర్థం కాదు, అక్కడ కాఫీకే గది అద్దె కట్టినట్టుంటుంది. విమానాశ్రయం దగ్గర చవక అని తీసుకుంటే రోజూ ఆర్‌ఈఆర్ అనే శివారు రైల్లో పోవాలి, 2024లో ఒక్కో వైపు 11.80 యూరోలు.

మెట్రో కూడా మోకాళ్ళకి శత్రువే, పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు ఉండవు, 14వ లైన్ ఒక్కటే అన్ని చోట్లా లిఫ్టులతో ఉంది. పెద్దవాళ్ళతో అయితే బస్సు ఎక్కండి, నింపాదిగా ఊరు చూసినట్టూ ఉంటుంది. మేం తెలియక ఐదుగురికీ వారం పాస్ కొన్నాం, ఒక్కొక్కరికి 30.75, కార్డుకి ఇంకో 5, పైగా ఫోటో అతికించాలి. అది సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, గురువారం కొన్నా అదే ధర. అప్పట్లో పది టికెట్లు 17.35కి వచ్చేవి కాబట్టి రోజుకి రెండుసార్లు కదిలేవాళ్ళకి అవే నయంగా ఉండేవి. అత్తయ్య పాస్ వాడింది మొత్తం ఎనిమిదిసార్లు, మా ఆయన లెక్క రాసుకున్నాడు, ఇప్పటికీ చెప్తుంటాడు.

మీరు ఫ్లాటే తీసుకుంటానంటే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి, పారిస్‌లో అది తప్పనిసరి. మేం వెళ్ళినప్పుడు దాని మొదటి ఐదంకెల్లోనే డిస్ట్రిక్టు తెలిసిపోయేది, మా ఫ్లాటున్న 18వ దానికి 75118 (ఇది పిన్‌కోడ్ కాదు). మేం తీసుకున్నదాని నంబరు 75110తో మొదలైంది! అంటే అది పదో డిస్ట్రిక్టులో ఇంకేదో ఇంటి నంబరు. బుక్ చేసినప్పుడు చూడలేదు, మంగళవారం సామాన్లు సర్దుతుంటే మా ఆయన కనిపెట్టాడు. ఆ స్క్రీన్‌షాట్, "ఆన్ పాన్" కాగితం ఫోటో, మెట్టు మీద కూర్చున్న అత్తయ్య ఫోటో మూడూ పంపాకే బుకింగ్ వాళ్ళు దారికొచ్చారు. అడిగింది నాలుగు రాత్రుల డబ్బు, ఇచ్చింది 410 యూరోలు. అంటే ఆ మూడు రాత్రులకి 1,052 అయింది, రాత్రికి 350. పడుకున్నది హాయిగా అయితే బాధ లేదు.

కవర్లో పెట్టిన 60 యూరోల సంగతి అడిగితే రసీదు ఉందా అన్నారు. అత్తయ్య మాత్రం ఆ మెట్టు మీది ఫోటో డీపీగా పెట్టుకుంది, పారిస్‌లో అన్నిటికంటే బాగా వచ్చింది అదేనట.